పని చోట భద్రత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బరంపురంలో మాకు చిన్న మిఠాయి దుకాణం ఉంది. వెనుక వంటశాలలో ఆరుగురు పని చేస్తారు. పోయిన నెల ఒక కుర్రవాడు బూందీ వేయించిన నూనె కళాయిని పొయ్యి మీద నుంచి దించి పక్కకు తీసుకువెళ్తుండగా కాలు జారింది, నూనె పాదం మీద ఒలికింది. కంగారులో చేతికందిన టూత్‌పేస్టు రాశాము. ఆసుపత్రిలో దానిని కడగడానికే చాలా సేపు పట్టింది. జాగ్రత్తగా ఉండమని రోజూ చెబుతూనే ఉన్నాను. ఇంకేం చేయాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: ఆ కుర్రవాడి పాదం త్వరగా మానాలని ముందుగా కోరుకుంటున్నాను. మీ ఉత్తరంలో నన్ను పట్టి నిలిపిన మాట ‘పక్కకు తీసుకువెళ్తుండగా’ అన్నది. వేయించే నూనె 170 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. 60 డిగ్రీల నీరే అయిదారు సెకన్లలో చర్మాన్ని లోతుగా కాల్చగలదంటే, ఆ నూనె పడినప్పుడు కాలు వెనక్కి తీసుకునే వ్యవధి కూడా ఉండదని మీరే గ్రహించగలరు. అందుచేత మనిషి అప్రమత్తత ఒక్కదాని మీదే ఆధారపడకుండా, వేడి కళాయిని మోయవలసిన అవసరమే లేకుండా చేయండి. నూనెను రాత్రి దుకాణం మూసే తొందరలో వడగట్టవద్దు. పొయ్యి ఆర్పి, కళాయిని అక్కడే ఉంచి మూతపెట్టి, మరునాడు ఉదయం మంట వెలిగించక ముందు వడగట్టండి. పాకం గిన్నెను పొయ్యి పక్కనే, అదే ఎత్తులో ఉంచితే, బూందీ దూసినవాడు అడుగు కదపకుండానే జల్లిగరిటెతో తీసి అందులో వేయగలడు.

మసిగుడ్డ సంగతి చాలామంది పట్టించుకోరు. తడి గుడ్డతో వేడి చెవులు పట్టుకుంటే, గుడ్డలోని నీరు ఆవిరై అరచేతిని కాలుస్తుంది, పట్టు వదలక తప్పదు, పాత్ర ఒలుకుతుంది. కాబట్టి పొయ్యి దగ్గర పొడి గుడ్డలను, తుడిచే తడి గుడ్డలను వేర్వేరు మేకులకు తగిలించండి. దళసరి పొడి చేతి తొడుగులైతే మరీ మంచిది.

నూనెలో పడిన నీటి చుక్క ఆవిరిగా మారి సుమారు 1,700 రెట్లు విస్తరిస్తుంది. కడిగిన చట్రాన్ని తుడవకుండా కళాయి మీద పెట్టినప్పుడు నూనె చిందేది అందుకే. నూనెకు మంట అంటుకుంటే నీళ్లు చల్లకూడదన్నది కూడా ఈ కారణం వల్లనే. గ్యాసు కట్టివేసి, సరిపడే లోహపు మూతను పక్క నుంచి జరిపి మూసి, అది చల్లబడేవరకు తీయకూడదు. ఆ మూత ఎప్పుడూ పొయ్యికి చేతిదూరంలో ఉండాలి. గ్యాసు వాసన వస్తే విద్యుత్ స్విచ్చులు తాకవద్దు. ఆ వాయువు గాలికంటే బరువైనది కనుక నేల మట్టాన పేరుకుంటుంది. తలుపులు తెరిచి, అందరినీ బయటికి పంపి, 1906కు ఫోను చేయండి.

పాకం నూనెకంటే మోసకారి. చర్మానికి అంటుకుని, తుడిచినా వదలక కాలుస్తూనే ఉంటుంది. అందుచేత పాకం పట్టేవారికి మోకాళ్ల కిందికి దిగే ముతక నూలు ఏప్రన్, మూసిన బూట్లు తప్పనిసరి. ఉక్క భరించలేక చొక్కా విప్పి, హవాయి చెప్పులతో పొయ్యి ముందు నిలబడడం మన వంటశాలల్లో మామూలే కానీ, ఉక్కకు మందు గాలి ఆడే కిటికీ, పొగను లాగే ఫ్యాను. నైలాన్ బట్టలు మాత్రం వద్దు. కరిగి ఒంటికి అతుక్కుంటాయి.

మీ పనివారిలో కొందరిది తెలుగు, కొందరిది ఒడియా అయి ఉంటుంది. వేడి పాత్రతో కదిలేవాడు ‘గరం, గరం’ అని అరవడం, మిగిలినవారు దారి వదలడం నియమంగా పెట్టండి. ఆ మాట అందరికీ అర్థమవుతుంది. రెండేళ్లకొకసారి వచ్చే ఠాకురాణి జాతర రోజుల్లో గిరాకీ పెరిగి నిద్రలు తగ్గుతాయి, కనుక అప్పుడు ఒకే మనిషిని పొద్దస్తమానం కళాయి దగ్గర నిలబెట్టకండి.

ఇంకెప్పుడైనా కాలితే, టూత్‌పేస్టు, సిరా, పసుపు, ఐసు ఏదీ వద్దు. కుళాయి కింద చల్లని నీరు 20 నిమిషాలు పారనివ్వండి. ఉంగరాలు, గాజులు వెంటనే తీసివేయండి. అతుక్కున్న బట్టను లాగకండి. తరువాత శుభ్రమైన గుడ్డతో వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ముఖం, చేతులు, కీళ్లు కాలితే గాయం చిన్నదైనా ఆలస్యం చేయకూడదు. అంబులెన్సుకు 108 అందరికీ కనిపించేలా గోడ మీద రాయించండి.

ప్రశ్న: నేను జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తాను. తొక్కలోని జీడి తగిలి వేళ్లు కాలినట్టు పొక్కులు వస్తున్నాయి. ఇది నిప్పు కాకపోయినా కాలినట్టేనా?
– ఒక సోదరి, పర్లాకిమిడి

జవాబు: అవునమ్మా, అది కూడా కాలిన గాయమే. తొక్కలోని రసంలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి. అవి చర్మాన్ని కాలుస్తాయి. ప్రతి రోజు పని మొదలుపెట్టే ముందు చేతులకు వంటనూనె పట్టించి, దాని మీద చిరుగులేని చేతి తొడుగులు వేసుకోండి. లోపలికి రసం దిగిన తొడుగును మళ్లీ వాడకండి. ముఖం తుడుచుకునే ముందు, అన్నం తినే ముందు సబ్బుతో బాగా కడుక్కోండి. రసం తగిలిన చోట పొక్కులు చితపకుండా వైద్యుడికి చూపించండి. పిక్కలు ఉడికించే కుక్కర్ దగ్గర పని చేసేవారికి ఇంకొక మాట చెప్పండి: ఆవిరి పూర్తిగా వదిలి, ఒత్తిడి ముల్లు సున్నాకు వచ్చిన తరువాతనే మూత తీయాలి, అదీ ముఖాన్ని పక్కకు తిప్పి, మూతను తమకు అవతలి వైపు ఎత్తి.