డిస్నీ పెద్దల సినిమాలకు వేరే పేరు ఎందుకు పెట్టుకుంది?

మీ ప్రశ్న ఇది: "‘ప్రెటీ వుమన్’ డిస్నీ వాళ్ళదే అంటున్నారు. సినిమా మొదట్లో కోట బొమ్మ రాదు, పోస్టర్ మీద పేరూ లేదు. డబ్బు వాళ్ళదే అయితే పేరు ఎందుకు దాచుకున్నారు? పిల్లలకి ఏదైనా పెట్టాలంటే ఎలా తెలుసుకోవాలి?"

డబ్బు వాళ్ళదే. పేరు మాత్రం దాచలేదు, పక్కన పెట్టారంతే. ఆ సినిమా వచ్చింది టచ్‌స్టోన్ అనే పేరు (లేబుల్) మీద. టచ్‌స్టోన్ డిస్నీదేనని హాలీవుడ్‌కీ, అమెరికా పత్రికలకీ మొదటినుంచీ తెలుసు. పిల్లల్ని వెంటబెట్టుకుని సినిమాకి వచ్చే అమ్మానాన్నలు తికమకపడకూడదన్నదే వాళ్ళ బాధ.

ఆ బాధ ఎంత నిజమో నేను కళ్ళారా చూశాను. అమెరికాలో ఎం.ఎస్. చదివేటప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో డీవీడీల కౌంటర్ దగ్గర పనిచేశాను. మన కుర్రాళ్ళకి బాగా తెలిసిన ఆన్-క్యాంపస్ ఉద్యోగమే, ఏసీలో కూర్చోవచ్చు, జీతం గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. శుక్రవారం సాయంత్రమైతే పెళ్ళయిన పీహెచ్‌డీ వాళ్ళు, ప్రొఫెసర్లు పిల్లలతో వచ్చేవారు. డిస్నీ సంతకం ఉన్న డబ్బాని ఎవరూ వెనక్కి తిప్పి చూసేవారు కాదు, తీసి నేరుగా పిల్లాడి చేతిలో పెట్టేవారు. ఇంకే కంపెనీదైనా వెనక రేటింగ్ చదివి, అప్పటికీ నమ్మకం కుదరక, "ఇందులో ఏమీ లేదు కదా?" అని నన్ను అడిగేవారు. నేను చూడని సినిమా గురించి నేనేం చెప్తాను? కానీ డిస్నీ దగ్గర ఆ ప్రశ్నే రాదు. డెబ్భై, ఎనభై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న ఆ నమ్మకాన్ని ఏ కంపెనీ అయినా ఒక్క సినిమా కోసం పణంగా పెడుతుందా?

అలాగని ఆ నమ్మకం ఒక్కదానితో వ్యాపారం నడవలేదు, అక్కడే చిక్కొచ్చింది. 1966 డిసెంబరులో వాల్ట్ డిస్నీ పోయాక కంపెనీ చాలాకాలం ఆయన వేసిన బాటలోనే నడిచింది. ఈలోగా అమెరికా సినిమా ఎక్కడికో వెళ్ళిపోయింది. పదిహేనేళ్ళ కుర్రాడికి డిస్నీ సినిమాకి వెళ్ళొచ్చానని చెప్పుకోవడం నామోషీ అయిపోయింది. 1979లో ‘ది బ్లాక్ హోల్’తో మొదటిసారి పీజీ రేటింగ్ (పిల్లలు చూడొచ్చు గానీ తల్లిదండ్రులు ఓ కన్నేసి ఉంచాలి) దాకా వెళ్ళారు, 1982లో ‘ట్రాన్’ తీశారు. రెండూ అనుకున్నంత ఆడలేదు. డిస్నీ పేరుంటే పెద్ద పిల్లలు రారు, పేరుండి సినిమా ఘాటుగా ఉంటే చిన్నపిల్లల తల్లిదండ్రులు ఊరుకోరు.

అప్పుడు కంపెనీని నడుపుతున్నది వాల్ట్ అల్లుడు రాన్ మిల్లర్. 1984 ఫిబ్రవరిలో ఆయన టచ్‌స్టోన్ ఫిల్మ్స్ అని కొత్త పేరుతో దుకాణం తెరిచారు. మార్చిలో దాని మొదటి సినిమా ‘స్ప్లాష్’ వచ్చింది. టామ్ హాంక్స్ హీరో, డారిల్ హానా సాగరకన్య. అమెరికాలోనే దాదాపు 7 కోట్ల డాలర్లు వసూలు చేసింది. రేటింగ్ పీజీయే. పదమూడేళ్ళ లోపు పిల్లల విషయంలో ఇంకాస్త గట్టిగా హెచ్చరించే పీజీ-13 అనేది అప్పటికింకా పుట్టలేదు, ఆ ఏడాది జులైలో వచ్చింది.

ఈ సినిమాకి తర్వాత జరిగిన ముచ్చట ఒకటుంది. సాగరకన్య ఒడ్డుకు వచ్చినప్పుడు ఒంటి మీద పొడవాటి జుట్టు తప్ప మరేమీ ఉండదు. టచ్‌స్టోన్ పేరు మీద అది అలాగే హాళ్ళలో ఆడింది. 2020లో అదే సినిమాని డిస్నీ సొంత ఓటీటీ డిస్నీ ప్లస్‌లో పెట్టారు. ఆమె వెనక్కి తిరిగి సముద్రంలోకి పరిగెత్తే చోట, వెనకభాగం కనపడకుండా కంప్యూటర్‌తో జుట్టు కిందిదాకా పెంచారు. అతికించిన సంగతి చూడగానే తెలిసిపోతుంది. జనం ఆ ముక్కని ట్విట్టర్‌లో పెట్టి ఒక ఆట ఆడుకున్నారు. లేబుల్ ఎందుకని అడిగే ఎవరికైనా నేను ముందు ఈ జుట్టు సంగతే చెప్తాను. వేరే బోర్డు కింద ఏ గొడవా లేని సీను, కోట ఉన్న ఇంట్లో అడుగుపెట్టేసరికి ఇబ్బంది అయిపోయింది.

1984 సెప్టెంబరుకల్లా మిల్లర్ దిగిపోవాల్సి వచ్చింది. పారామౌంట్ నుంచి మైకేల్ ఐస్నర్, ఆయన వెంట జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ వచ్చారు. మిల్లర్ నాటిన చెట్టు కాయలు వీళ్ళు కోసుకున్నారు. 1986లో ‘డౌన్ అండ్ ఔట్ ఇన్ బెవర్లీ హిల్స్’తో మొదటిసారి ఆర్ రేటింగ్ సినిమా వదిలారు. ఆర్ అంటే మన ‘ఎ’ కాదు, 17 ఏళ్ళ లోపు వాళ్ళు పెద్దవాళ్ళ తోడుంటే వెళ్ళొచ్చు. 1987లో ‘త్రీ మెన్ అండ్ ఎ బేబీ’ ఆ ఏడాది అమెరికాలో వచ్చిన సినిమాలన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది. 1988కల్లా డిస్నీ వసూళ్ళలో మొదటి స్టూడియో అయింది. ఆ గెలుపులో సింహభాగం టచ్‌స్టోన్‌దే.

మీరడిగిన ‘ప్రెటీ వుమన్’ 1990 నాటిది, అదీ ఆర్ సినిమాయే. దాని మొదటి స్క్రిప్ట్ పేరు ‘3000’. చాలా చీకటి కథ, చివర్లో హీరో ఆ అమ్మాయిని కారులోంచి తోసేసి పోతాడు. డిస్నీ చేతికి వచ్చాక అది రాకుమారుడు మేడ ఎక్కి వచ్చే కథ అయిపోయింది. నా అభిప్రాయంలో టచ్‌స్టోన్ అసలు గుణం ఇక్కడే తెలుస్తుంది. బోర్డు మారింది గానీ వండే చెయ్యి మారలేదు. బూతులు రెండు పడొచ్చు, మంచం సీను ఒకటి ఉండొచ్చు, కానీ చివరికి ప్రేక్షకుడు నవ్వుకుంటూనే బయటికి రావాలి.

ఒక్కోసారి అనవసరంగా కూడా భయపడ్డారు. 1993లో ‘ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’ బొమ్మలతో తీసిన సినిమా. పిల్లలు జడుసుకుంటారేమోనని టచ్‌స్టోన్ పేరు మీద వదిలారు. తర్వాత చూస్తే పిల్లలే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2006లో త్రీడీలో మళ్ళీ విడుదల చేసినప్పుడు మొహమాటం లేకుండా వాల్ట్ డిస్నీ పిక్చర్స్ అని వేసుకున్నారు. మా లైబ్రరీ అరలో ఆ సినిమావి రెండు డిస్కులు పక్కపక్కన ఉండేవి. పాతదాని మీద టచ్‌స్టోన్, కొత్తదాని మీద డిస్నీ. లోపల ఉన్నది ఒకటే సినిమా. పిల్లలున్నవాళ్ళు పట్టుకెళ్ళేది మాత్రం రెండోదే, మొదటిది అరలోనే ఉన్నా సరే రెండోదానికోసం వారం ఆగేవారు.

1989లో హాలీవుడ్ పిక్చర్స్ అని ఇంకో లేబుల్ కూడా పెట్టారు. దాని గురించి చెప్పుకోవడానికి ‘ది సిక్స్త్ సెన్స్’ తప్ప పెద్దగా ఏమీ లేదు, వదిలేద్దాం.

అసలు తలనొప్పి మిరామాక్స్ అనే ఇంకో సినిమా కంపెనీతో వచ్చింది. 1993లో కొన్నారు, మరుసటి ఏడాదే ‘పల్ప్ ఫిక్షన్’ వచ్చింది. కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ డోర్ గెలిచింది, లాభాలూ తెచ్చింది. బాగానే ఉంది. 1995లో ‘కిడ్స్’కి ఎన్‌సీ-17 రేటింగ్ పడింది, అంటే తోడున్నా సరే పిల్లల్ని హాల్లోకి రానివ్వరు. ఆ రేటింగ్ సినిమాలు డిస్నీ నీడన విడుదల కాకూడదని నియమం. అందుకని మిరామాక్స్‌ని నడిపే వైన్‌స్టీన్ అన్నదమ్ములు ఆ ఒక్క సినిమా కోసం షైనింగ్ ఎక్స్‌కాలిబర్ అని వేరే కంపెనీ పెట్టి, రేటింగ్ లేకుండా వదిలారు. అంటే లేబుల్‌కి మళ్ళీ లేబుల్! 2004లో అధ్యక్షుడు బుష్‌ని విమర్శించే ‘ఫారెన్‌హైట్ 9/11’ని విడుదల చేయడానికి డిస్నీ ససేమిరా అంది. అన్నదమ్ములు దాన్ని వెనక్కి కొనుక్కుని బయట విడుదల చేయించారు. అమెరికాలోనే దాదాపు 12 కోట్ల డాలర్లు వచ్చాయి, ఒక డాక్యుమెంటరీకి! 2010లో మిరామాక్స్‌నే అమ్మేశారు.

ఈ మధ్యలో సదరన్ బాప్టిస్టులు (అమెరికాలో ఒక పెద్ద క్రైస్తవ శాఖ) 1997లో డిస్నీ మొత్తాన్నీ బహిష్కరించమని తీర్మానం చేశారు. ఎనిమిదేళ్ళు నడిచింది. వాళ్ళ ఫిర్యాదుల్లో మిరామాక్స్ సినిమాలూ ఉన్నాయి. కాబట్టి వేరే పేరు పెట్టుకుంటే ఎవరూ మనజోలికి రారనుకోవడం భ్రమే. కోపం వచ్చినవాడు కంపెనీ అసలు చిరునామా వెతుక్కుంటాడు. శుక్రవారం సాయంత్రం పిల్లాడికి ఏదో ఒకటి తీసుకెళ్ళాలనుకునే నాన్న వెతకడు. లేబుల్ పనిచేసేది ఈ రెండోవాడి మీదే.

తర్వాత దాని అవసరం తగ్గింది. 2003లో ‘పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్’ని పీజీ-13తోనే డిస్నీ పేరు మీద వదిలారు, మొదటిసారి. ఆ సినిమా అంత ఆడాక, కొంచెం ఘాటున్న ప్రతిదాన్నీ పక్కింటికి పంపాల్సిన పనిలేదని తేలిపోయింది. చివరి రోజుల్లో టచ్‌స్టోన్ డ్రీమ్‌వర్క్స్ అనే వేరే స్టూడియో సినిమాలు పంపిణీ చేయడానికే మిగిలి, 2016తో ఆగిపోయింది. 2019లో ఫాక్స్‌ని 7,130 కోట్ల డాలర్లకు కొన్నాక పెద్దల సినిమాల గది దానంతటదే వచ్చి చేరింది. ట్వెంటీయత్ సెంచురీ స్టూడియోస్ అంటే ఇప్పుడదే. డిస్నీ చేతిలోనే ఉన్న మార్వెల్ వాళ్ళ ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ 2024లో ఆర్ రేటింగ్‌తో వచ్చింది. దాని బూతులు డిస్నీ లెక్కలో పడ్డాయని ప్రేక్షకులెవరూ అనుకోలేదు.

మన దగ్గర ఇలా ఎందుకు లేదని కొందరికి అనుమానం రావచ్చు. రెండో బ్యానర్లు మనకీ ఉన్నాయి, గీతా ఆర్ట్స్‌కి జీఏ2 లాగ. కానీ వాటికి సర్టిఫికెట్‌తో సంబంధం లేదు. హీరో నాని బ్యానర్ ‘వాల్ పోస్టర్ సినిమా’ 2025 మార్చిలో ‘కోర్ట్’ వదిలింది, మేలో ‘ఎ’ సర్టిఫికెట్‌తో ‘హిట్ 3’ వదిలింది. బ్యానర్ పేరు మార్చమని ఎవరూ అడగలేదు. మనవాళ్ళు బ్యానర్ చూసి పిల్లల్ని తీసుకెళ్ళరు, హీరోని చూసి తీసుకెళ్తారు. అదీ ప్రమాదమే అనుకోండి, ఆ చర్చ వేరు.

ఇక పిల్లలకి ఏది పెట్టాలో ఎలా తెలుస్తుందంటారా, కంపెనీ పేరు వదిలేసి ఓటీటీలో సినిమా వివరాల దగ్గర ఉండే రేటింగ్ చూడండి. యూ/ఏ 7+, 13+, 16+ అని వయసుతో సహా వేస్తున్నారు, పక్కనే హింస, భాష అని కారణం కూడా ఉంటుంది. పిల్లలకి విడిగా ప్రొఫైల్ పెట్టి, మీ ప్రొఫైల్‌కి పిన్ నంబర్ పెట్టుకోండి. పాత టచ్‌స్టోన్ సినిమా అయితే మాత్రం ముందు మీరొక్కరే చూడండి. 1980ల పీజీ ఇప్పటి పీజీ కంటే చాలా వదులు.