స్విచ్ వెయ్యకు అమ్మలూ, ముందు మూత తియ్యి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి చాలాసేపు పెద్దవి చేసి చూస్తూ కూర్చున్నాను. ఒకటి కమొడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్, రెండోది 386 ప్రాసెసర్ ఉన్న పాత పీసీ, పక్కన అట్టపెట్టె నిండా ఫ్లాపీలు. ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ ముట్టుకోని సామాను. "మావయ్యా, ప్లగ్గు పెట్టి చూడనా?" అని అడిగావు. వద్దు తల్లీ. అడిగి ఆగావు చూడు, నాకు అదే చాలా సంతోషం. ఎక్కువమంది ముందు ప్లగ్గు పెట్టేసి, పొగ వచ్చాక అడుగుతారు.

ఎందుకు వద్దో చెప్తాను. వాడకుండా పక్కన పెట్టిన మెషీన్ ఎలా పెట్టామో అలాగే ఉందనుకుంటాం. లోపల మాత్రం బ్యాటరీ కారుతూ ఉంటుంది, కెపాసిటర్లు ఎండిపోతూ ఉంటాయి, సాకెట్లలో చిప్పుల కాళ్లకు మకిలి పడుతూ ఉంటుంది. ఇన్నేళ్లలో జరిగిన ఆ నష్టాన్ని చాలావరకు బాగుచేసుకోవచ్చు, కానీ తొందరపడి స్విచ్ వేస్తే అదే నష్టం ఒక్క క్షణంలో చెయ్యిదాటిపోతుంది. అందుకని నేను చెప్పేదంతా ఒక్క వరస: మళ్లీ దొరకనిదాన్ని ముందు కాపాడుకో, దొరికేవాటి సంగతి తర్వాత చూద్దాం. రామ్ అనే మెమరీ చిప్ పోతే ఇంకోటి వేసుకోవచ్చు. ఆ ఫ్లాపీల మీద ఎవరో చేత్తో రాసిన పేర్లు కనిపిస్తున్నాయే, వాటిలో ఉన్నది ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

ముందు కమొడోర్ సంగతి. 1982లో వచ్చిన మెషీన్ అది, దానికి పెద్ద శత్రువు దాని సొంత పవర్ సప్లైయే. ఇటుకరాయిలా ఉండే ఆ పెట్టెలోంచి 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ రెండూ వస్తాయి. చాలావాటిలో లోపలంతా ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి మూసేశారు కాబట్టి వేడి బయటికి పోదు, విప్పి బాగుచెయ్యడమూ కుదరదు. లోపల వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ దెబ్బతింటే కరెంటు ఆగిపోతే బాగుండేది, కానీ అలా జరగదు, 5 వోల్టులు రావాల్సిన చోట అంతకంటే ఎక్కువ వచ్చి రామ్ చిప్పుల్నీ పక్కనున్న వాటినీ కాల్చేస్తుంది. వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టి చూశాను, సరిగ్గానే చూపిస్తోంది అని ధైర్యం చెయ్యకు. ఖాళీగా ఉన్నప్పుడు సరిగ్గా చూపించి, మెషీన్ తగిలించి వేడెక్కాక పైకి ఎగబాకినవి ఉన్నాయి. ఈ మెషీన్ కోసమే ఇప్పుడు కొత్తగా చేసిన పవర్ సప్లైలు దొరుకుతున్నాయి, ఒకటి తెప్పించుకో. పాతది దాచుకో, కానీ తగిలించకు.

కొత్త సప్లైతో కూడా స్క్రీన్ నల్లగానే ఉంటే కంగారుపడకు. ఎక్కువసార్లు పీఎల్ఏ అనే, ఎప్పుడు ఏ చిప్ పలకాలో తేల్చే చిప్ పోయి ఉంటుంది, లేకపోతే రామ్. చాలా బోర్డుల్లో రామ్ అంటే 4164 అనే చిప్పులు ఎనిమిది వరసగా ఉంటాయి. స్విచ్ వేసిన నిమిషానికి ఒక్కొక్కదాని మీద వేలు ఆనించి చూడు. ఏడు గోరువెచ్చగా ఉండి ఒకటి చురుక్కుమంటే దాన్నే ముందు అనుమానించాలి. ధ్వని చిప్ జోలికి మాత్రం తెలియకుండా పోకు: పాత 6581కి 12 వోల్టులు కావాలి, తర్వాత వచ్చిన 8580కి 9 వోల్టులు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని చోట ఇంకోటి పెడితే చిప్ పోవచ్చు. అవి ఇప్పుడు తయారవడం లేదు.

ఇక 386. దీని మూత ఇవాళే తియ్యి, ప్లగ్గు మాత్రం గోడకి దూరంగా ఉండాలి. మదర్‌బోర్డు మీద కీబోర్డు తగిలించే చోటికి దగ్గర్లో చిన్న పీపా ఆకారంలో బ్యాటరీ ఒకటి కనిపిస్తుంది, నీలం రంగులోనో ఆకుపచ్చగానో. 3.6 వోల్టుల నికెల్ క్యాడ్మియం బ్యాటరీ అది, గడియారం నడవడానికి పెట్టింది. అప్పటి బోర్డుల్లో ఎక్కువ శాతం దీనివల్లే పోయాయని నా అనుభవం. దాని చివర్ల చుట్టూ తెల్లగా ఉప్పు పట్టినట్టో, రాగి గీతల మీద పచ్చటి చిలుము లేచినట్టో ఉంటే కారిందన్నమాట. ఏమీ కనిపించకపోయినా తీసెయ్యాల్సిందే, ఇవాళ కారనిది వచ్చే వర్షాకాలానికి కారుతుంది.

కాళ్లు కత్తిరించే కట్టర్‌తో రెండు చివర్లా తుంచి తియ్యి, గుంజకు, గుంజితే కింద రాగి గీత కూడా లేచి వస్తుంది. కారింది క్షారం, అందుకని తెల్ల వెనిగర్‌లో ఇయర్‌బడ్ ముంచి ఆ మచ్చ మీద అద్దాలి. సన్నగా నురగ వచ్చినా రాకపోయినా కొంచెంసేపు ఉంచి, మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దు. ఇయర్‌బడ్ పచ్చగా మారుతుంది, పారేసి ఇంకోటి తీసుకో, పచ్చదనం రావడం ఆగేదాకా. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వు, ఒక రోజంతా వదిలేసినా నష్టం లేదు. వెనిగర్ మిగిలిపోతే అది కూడా తినేస్తుంది కాబట్టి కడగడంలో బద్ధకించకు. ఇంకో సంగతి, ఆ కారిన ద్రవం సాకెట్ల కిందికి పాకుతుంది. పైకి శుభ్రంగా ఉన్నా మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, ఆ చుట్టుపక్కల గీతలన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు చూడు. బీప్ రాని చోట సన్నటి తీగతో కలపాలి. మొదటి రెండు తీగలూ చెయ్యి వణుకుతూ వేస్తావు, పదో తీగకి నీకే అలవాటవుతుంది.

కొత్తగా మళ్లీ అలాంటి పీపా బ్యాటరీ పెట్టకు. చాలామంది అక్కడ సీఆర్2032 బిళ్ల బ్యాటరీ పెడతారు, పెట్టచ్చు, కానీ ఆ బోర్డు పాత బ్యాటరీని ఛార్జ్ చెయ్యడానికి కరెంటు వెనక్కి పంపుతుంది, బిళ్ల బ్యాటరీ ఛార్జ్ చేసేది కాదు. మధ్యలో కరెంటుని ఒకే వైపు పోనిచ్చే డయోడ్ ఒకటి తప్పకుండా వెయ్యాలి. ఈ ఒక్క డయోడ్ మర్చిపోయిన వాళ్ల బోర్డులు నా టేబుల్ మీదికి చాలా వచ్చాయి. బ్యాటరీని బోర్డు మీద కాకుండా తీగతో దూరంగా, కేసుకి ఒక పక్కన ఉంచితే ఇంకా మంచిది.

పవర్ సప్లై డబ్బా, మానిటర్ ఈ రెండూ నువ్వు ఒక్కదానివే విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉండచ్చు, పిక్చర్ ట్యూబ్‌లో అయితే వేలల్లో ఉంటుంది. దీంట్లో వాదన లేదు. సప్లై విషయంలో తెలుసుకోవాల్సినవి రెండు. పాతవాటిలో గోడ కరెంటు లోపలికి వచ్చే చోట రిఫా అని రాసి ఉన్న, లోపల పొరలు కనపడేంత పసుపు గాజులాంటి కెపాసిటర్ ఉంటుంది. పైన సన్నటి పగుళ్లు ఉంటే తేమ పీల్చుకుని ఉంటుంది, కరెంటు తగలగానే గది నిండా పొగ. దాన్ని ముందే మార్చించాలి. రెండోది, పాత రేడియోలు బాగుచేసేవాళ్లు వోల్టేజి మెల్లగా పెంచుకుంటూ పొమ్మంటారు. రేడియోకి అది మంచి సలహాయే, మన స్విచింగ్ సప్లైలకి పనికిరాదు, తక్కువ వోల్టేజిలో అవి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి.

ఇప్పుడు ఫ్లాపీలు. ఉత్తరం మొత్తంలో ఇదొక్కటే చదివినా చాలు.

నేను పదహారేళ్లప్పుడు రాసుకున్న ప్రోగ్రాములు రెండు ఐదుంపావు అంగుళాల ఫ్లాపీల్లో ఉండేవి. ఒకటి లెక్కల టేబుళ్లు వేసేది, ఇంకోటి మా నాన్నగారు పక్కన కూర్చుని ఇలా చెయ్యి అలా చెయ్యి అంటుంటే రాసిన జమాఖర్చుల ప్రోగ్రాము. చాలా ఏళ్ల తర్వాత ఒక డ్రైవ్ బాగుచేసి, ఆ ఉత్సాహంలో మొదటి ఫ్లాపీ తీసి పెట్టేశాను. కీచుమని ఒక శబ్దం వచ్చింది. ఆ శబ్దం వినగానే తీసేసి ఉండాల్సింది, చదువుతుందేమో అని ఆశపడి మూడుసార్లు ప్రయత్నించాను. బయటికి తీసి లైటుకి పెడితే, డిస్క్ మీద ఒక వలయం గీసినట్టు, అవతలి వెలుతురు కనిపిస్తోంది. పైనున్న గోధుమరంగు పూత అక్కడ పూర్తిగా లేచిపోయింది. దాని మీద బూజు ఉంది, నేను చూసుకోలేదు. ఆ చెత్తంతా డిస్క్‌ని చదివే డ్రైవ్ హెడ్‌కి అతుక్కుని ఉందన్న ఆలోచన కూడా రాక, రెండోది ఎలా ఉందో చూద్దామని అదే డ్రైవ్‌లో పెట్టాను. నాన్నగారి ప్రోగ్రాము అలా పోయింది. ఆయన అప్పటికే లేరు.

అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. ప్రతి ఫ్లాపీనీ ముందు కళ్లతో చూడు. ఐదుంపావువి అయితే మధ్య రంధ్రంలో వేళ్లు పెట్టి డిస్క్‌ని మెల్లగా తిప్పుతూ, కిటికీలోంచి కనపడే భాగాన్ని లైటు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడు. మూడున్నరవి అయితే రేకు పక్కకి జరిపి, వెనకున్న లోహపు బిళ్లని తిప్పాలి. తెల్లటి చుక్కలు, ఆకులా పాకిన మచ్చలు, మసకబారిన చోట్లు ఉంటే దాన్ని పక్కన పెట్టు, అవి ఆల్కహాల్‌తో ఎలా తుడవాలో నేను దగ్గరుండి చూపిస్తాను. బాగున్నవాటితో మొదలుపెట్టు, ముఖ్యమైనవాటితో కాదు. పేరు లేని, ఖాళీదేమో అనిపించేదానితో డ్రైవ్‌ని పరీక్షించు. ప్రతి ఫ్లాపీ తర్వాతా హెడ్ తుడువు, విసుగొస్తుంది, అయినా తుడువు.

రాయకుండా అడ్డు పెట్టడం మర్చిపోకు. మూడున్నర దాంట్లో మూల రంధ్రం తెరిచి ఉంటే రాయదు. ఐదుంపావు దాంట్లో దీనికి తలకిందులు, పక్కనున్న గాటు మీద స్టిక్కర్ మూస్తేనే రాయదు. ఈ తేడాలో చాలామంది పొరబడ్డారు.

యూఎస్‌బీకి పెట్టే ఫ్లాపీ డ్రైవ్ మూడున్నర అంగుళాల పీసీ ఫ్లాపీలకి చాలు, కమొడోర్ డిస్కులని చదవలేదు, ఎందుకంటే వాటి రాత పద్ధతే వేరు. దానికి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది, మామూలు పీసీ ఫ్లాపీ డ్రైవ్‌కి తగిలిస్తే డిస్క్ మీది అయస్కాంతపు మార్పులని ఉన్నవి ఉన్నట్టుగా దించుకుంటుంది. అందులో ఏ ఫైళ్లున్నాయి, ఏ ఫార్మాట్ అన్నది తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. కమొడోర్ వాళ్ల 1541 డ్రైవ్‌లో వాడే ఒక డిస్క్‌లో పట్టేది సుమారు 170 కేబీ, ఇవాళ ఒక ఫొటోకి కూడా చాలదు. కాబట్టి పనికొస్తుందా లేదా అని ఏరకు, అన్నీ దించు, లేబుల్ ఫొటో కూడా అదే ఫోల్డర్‌లో పెట్టు. రెండుచోట్ల కాపీలు ఉంచు.

386లోని హార్డ్ డిస్క్‌కీ ఇదే వరస. మొదటిసారి తిరిగినప్పుడే మొత్తం కాపీ తీసుకోవాలి, రెండోసారి తిరుగుతుందన్న హామీ లేదు. తీశాక దానికి విశ్రాంతి ఇచ్చి, రోజువారీ వాడకానికి కాంపాక్ట్‌ఫ్లాష్ అనే మెమరీ కార్డు పెట్టుకో. మెషీన్ ఆన్ కాగానే నడిచే బయాస్ అనే ప్రోగ్రాము అప్పటి వాటిలో 504 ఎంబీ దాటి చూడలేదు, కాబట్టి చిన్న కార్డే వెతుక్కో. బోర్డు మీద, పైన చిన్న గాజు కిటికీ ఉండి దాని మీద కాగితం అంటించిన చిప్పులు ఉంటే ఆ కాగితం పీకకు, అది వెలుతురు తగలకుండా పెట్టిన అడ్డు, వెలుతురులోని అల్ట్రావయొలెట్ తగిలితే అందులోని రాత చెరిగిపోతుంది. వాటిని కూడా ప్రోగ్రామర్ అనే పరికరంతో చదివి దాచుకోవాలి.

పసుపెక్కిన కేసుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లగా చెయ్యడం గురించి అడిగావు. నాకు ఇష్టం లేదు. కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కేవి చాలా చూశాను, అదే సమయం లోపలి పనికి పెట్టు.

పాత మెషీన్‌లా నటించే ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ ఉండగా ఇంత శ్రమ ఎందుకని మీ అన్నయ్య అన్నాడట. ఎమ్యులేటర్ చాలా మంచిది, నేనూ రోజూ వాడతాను, నువ్వు దించిన డిస్కులని మొదట తెరిచి చూసుకోవాల్సింది కూడా అందులోనే. కానీ అసలు మెషీన్ ఎలా ప్రవర్తించేదో తెలియాలంటే నడిచే మెషీన్ ఎక్కడో ఒకటి ఉండాలి. ఇంగ్లండ్‌లో బ్లెచ్లీ పార్క్‌లో ఉన్న కంప్యూటింగ్ మ్యూజియంలో 1951లో మొదలైన హార్వెల్ డెకట్రాన్ యంత్రాన్ని బాగుచేసి 2012లో మళ్లీ నడిపించారు. దాని ముందు మన 386 పసిబిడ్డ. అలాగని విడిభాగాలు ఎప్పటికీ దొరుకుతాయని కాదు. 1976లో వచ్చిన జడ్80 ప్రాసెసర్‌ని విడి చిప్‌గా చెయ్యడం ఆపేస్తున్నామని 2024లో ప్రకటించారు, దాదాపు యాభై ఏళ్లు తయారైంది. అందుకే పాడైన బోర్డు ఏదైనా దొరికితే పారెయ్యకుండా తెచ్చి పెట్టుకో, దాని మీద మంచి చిప్పులు చాలా ఉంటాయి. కొత్తవని చెప్పి పాతవాటికి పైన పేరు గీకి అమ్మేవి కూడా ఉన్నాయి, చిప్ పైభాగం మరీ నున్నగా కొత్త రంగు వేసినట్టు ఉంటే అనుమానించు.

ఇప్పటికి నువ్వు చెయ్యాల్సింది ఇంతే. 386 మూత తీసి, ఏ కేబుల్ ఎటువైపు తిరిగి ఉందో, ఎర్ర గీత ఏ పక్కన ఉందో కనపడేలా నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి పంపు, బ్యాటరీ దగ్గరది ఇంకొంచెం దగ్గరగా. ఫ్లాపీల పెట్టెని నేల మీంచి తీసి పొడిగా ఉండే అలమారాలో పెట్టు. ఆదివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి, కట్టర్, వెనిగర్ దగ్గర పెట్టుకో, ఆ బ్యాటరీ తీసేదాకా లైన్లోనే ఉంటాను.

మావయ్య