పేగు బ్యాక్టీరియాను పెరుగులో వాడాలంటే ముందు ఏ పరీక్ష చేయాలి?

పేగుల నుంచి వేరుచేసి పెంచిన 40 బ్యాక్టీరియా నమూనాలు (ఐసొలేట్లు) ఉన్నాయి, ప్రోబయోటిక్ పెరుగుకు ఒకటి ఎంచుకోవాలి, ఆమ్లం, పైత్యరసం పరీక్షలతో మొదలుపెట్టనా అని అడిగారు. వద్దండి. ముందు పాలలో వేసి చూడండి. నేను ఆమ్లంతో మొదలుపెట్టి దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను.

పీహెచ్ 3లో మూడు గంటలు, తర్వాత 0.3 శాతం పైత్య లవణాలు, ఆపైన పేగు కణాలకు అతుక్కునే పరీక్ష. అన్నిట్లోనూ ఒక బిఫిడోబ్యాక్టీరియమే (పేగుల్లో ఉండే ఒక రకం బ్యాక్టీరియా, పొట్టిగా బిఫిడో) మొదటి స్థానం. సంబరంగా పాలలో వేస్తే, తెల్లారేసరికి పాలు పాలలాగే ఉన్నాయి. పాల ప్రోటీన్‌ను విడగొట్టి తమకు కావలసిన అమైనో ఆమ్లాలు తెచ్చుకోవడం బిఫిడోల్లో చాలావాటికి సరిగా చేతకాదు. పైగా ఆక్సిజన్ గిట్టదు. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం, పోషకంగా ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపితే పెరిగింది కానీ మూత తీయగానే గుప్పున వెనిగర్ వాసన. ఇవి లాక్టిక్ ఆమ్లం కంటే అసిటిక్ ఆమ్లాన్నే ఎక్కువగా, ఇంచుమించు 2కి 3 పాళ్లలో తయారుచేస్తాయి మరి.

అలాగని పాలు తోడుకోలేదని ఏ ఐసొలేట్‌నూ కొట్టేయకండి. తోడుకునేలా చేసే పని తోడులోని రెండు బ్యాక్టీరియాలు, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిలస్ బల్గేరికస్, చూసుకుంటాయి. మీ ఐసొలేట్ వాటి పక్కన బతుకుతుందా అన్నదే అసలు ప్రశ్న. నా రెండో దెబ్బ అక్కడే తగిలింది. బల్గేరికస్ ఫ్రిజ్‌లో పెట్టినా ఊరుకోదు, 4 డిగ్రీల దగ్గర కూడా మెల్లగా పులుపు పెంచుతూనే ఉంటుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వదులుతుంది. మూడో వారానికి నా బిఫిడో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

అది కూడా ఆలస్యంగా తెలిసింది. బ్యాక్టీరియాను పెంచే జెల్లీలాంటి మామూలు ఎమ్‌ఆర్‌ఎస్ అగార్ మీద కాలనీలు లెక్కపెట్టి, ఎన్ని బతికాయో అని మురిసిపోయాను. అందులో చాలావరకు బల్గేరికస్‌వే! రెండూ అదే అగార్ మీద పెరుగుతాయన్న ఆలోచనే రాలేదు. బిఫిడోల లెక్కకు బల్గేరికస్‌ను ఆపి బిఫిడోలను పెరగనిచ్చే మ్యుపిరోసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన అగార్ వాడండి, ప్లేట్లను ఆక్సిజన్ లేని జార్‌లో పెట్టండి. నిల్వ గడువు చివరి రోజున గ్రాముకు కనీసం 10 లక్షలు, వీలైతే కోటి బతికి ఉండాలి. తయారైన రోజు లెక్కను పట్టించుకోకండి.

తోడు మార్చి కూడా చూడండి. నిల్వలో పులుపు తక్కువగా పెంచే బల్గేరికస్ రకాలు ఉన్నాయి. థర్మోఫిలస్ ఆక్సిజన్‌ను వాడేసుకుని బిఫిడోలకు మేలే చేస్తుంది. 42 డిగ్రీలకు బదులు 38 దగ్గర తోడుపెడితే ఎక్కువ సమయం పడుతుంది కానీ పేగు బ్యాక్టీరియాకు అదే హాయి.

ఇందులో నెగ్గినవాటికే ఆమ్లం, పైత్యరసం పరీక్షలు చేయండి. అప్పుడు కూడా బ్రాత్‌లో (పోషక ద్రవంలో) తాజాగా పెంచిన కణాలు వద్దు, మూడు వారాలు నిల్వ ఉన్న పెరుగునే తీసుకోండి. పెరుగు ఆమ్లాన్ని కొంత అడ్డుకుంటుంది. కణాలు కూడా అప్పటికి పులుపుకు అలవాటుపడి ఉండొచ్చు, నీరసించి ఉండొచ్చు. రెండు రకాల కణాలతో చేసినప్పుడు నాకు వరుస మొత్తం తారుమారైంది.

భద్రత విషయంలో రాజీ లేదు. జన్యుక్రమం చదివించి, యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు ప్లాస్మిడ్ల మీద, అంటే ఇంకో బ్యాక్టీరియాకు దాటే చోట ఉంటే ఆ ఐసొలేట్‌ను పక్కనపెట్టండి. అది ఎంత బాగా పనిచేసినా సరే. రక్తకణాలను పగలగొడుతుందేమో కూడా చూడాలి. అవి తేలేదాకా రుచి చూడొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. ఇంకో మాట, ర్యామ్నోసస్ అనే లాక్టోబాసిలస్ జాతిలో పేరున్న జీజీ అనే స్ట్రెయిన్ (ఒక జాతిలోని ప్రత్యేక రకం) మీద మనుషుల్లో చేసిన పరీక్షలు చూపించి మీ ర్యామ్నోసస్ కూడా అంతే అనలేరు. ప్రయోజనం స్ట్రెయిన్‌ది, జాతిది కాదు.

చివరికి మేం తీసుకున్నది మొదటి ఆమ్ల పరీక్షలో ఏడో స్థానంలో వచ్చిన ఒక లాక్టోబాసిలస్ ఎసిడోఫిలస్. ఆ బిఫిడో ఇంకా మైనస్ 80 ఫ్రీజర్‌లోనే ఉంది.