కంట్లో మెరుపులా? చుక్కల మందుతో కాలం గడపొద్దు

ప్రశ్న: నా వయసు 58. పది రోజుల నుంచి కుడికంట్లో దోమలు ఎగిరినట్టు నల్లగా కనబడుతున్నయి. రాత్రి లైటు తీసేస్తే పక్క నుంచి మెరుపు కొడుతోంది. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేస్తున్నా, తగ్గలేదు. మోతిబిందు ఆపరేషన్ చేయించుకుంటే పోతయా? మంచి మందు చెప్పగలరు. చిన్నప్పటి నుంచి మైనస్ 6 అద్దాలు వాడుతున్న.
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: మోతిబిందు (శుక్లం) సంగతి తర్వాత. ముందు రెటీనా, అంటే కంటి వెనక గోడకు ఉండే చూపు పొర, చూపించుకోండి, ఇవాళో రేపో. చివర్లో మీరు మామూలుగా రాసిన మైనస్ 6 దగ్గరే నాకు భయం.

కంటిగుడ్డు లోపల విట్రియస్ అనే జెల్లీ సుమారు 4 మిల్లీలీటర్లు ఉంటుంది. అందులో దాదాపు 99 శాతం నీరే, మిగతాది సన్నటి పోగులు. వయసు పెరిగేకొద్దీ జెల్లీ పలచబడి, పోగులు ఉండలు కడతాయి. వాటి నీడ రెటీనా మీద పడితే మీరు చెప్పే దోమలు కనిపిస్తాయి. కొన్నాళ్లకు జెల్లీ రెటీనా నుంచి ఊడి ముందుకు జరుగుతుంది. 50 దాటాక చాలామందికి జరిగేదే, దానంతటది రోగం కాదు. కానీ ఎక్కడైనా గట్టిగా అంటుకుని ఉంటే అక్కడ రెటీనాను గుంజుతుంది. ఆ గుంజుడే మెరుపు. ఇంకా గుంజితే రెటీనా చిరుగుతుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరి, తడిసిన గోడ సున్నం పెచ్చులా రెటీనా లేచిపోతుంది. మైనస్ ఎక్కువున్న కన్ను పొడవుగా ఉంటుంది, అంచుల్లో రెటీనా పలచగా ఉంటుంది. అందుకే మీకు ముప్పు ఎక్కువ. కన్ను చూడకుండా చిరుగు ఉందని అనను, లేదని అసలే అనను.

పది రోజులు ఎందుకు ఆగారు? నొప్పి, ఎరుపు లేవనే కదా! రెటీనా చిరిగినా నొప్పి పుట్టదు. ఏ చుక్కల మందూ ఆ పోగుల్ని కరిగించదు. పైగా మీ సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్ అని ఉందేమో చదవండి. అవి స్టెరాయిడ్లు. వారాల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమా (చూపు నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు, మోతిబిందు ముదురుతుంది. మైనస్ ఎక్కువున్నవాళ్లలో ఒత్తిడి ఇంకా తొందరగా పెరుగుతుంది. సీసా వెంట తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. పసర్ల జోలికి అసలే పోవద్దు.

అద్దాల షాపు కంప్యూటర్ పరీక్షతోనో, కంటి క్యాంపులో నంబర్ చూసినదాంతోనో ఇది తేలదు. కంటిపాప పెద్దదయ్యే మందు వేసి, అరగంట ఆగి, ఇన్‌డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్ అనే పరికరంతో రెటీనా అంచులదాకా చూడాలి. నల్గొండలో ఈ పరీక్ష చేసేవాళ్లెవరో ఫోన్‌లో కనుక్కోండి. దొరక్కపోతే మాల్ మీదుగా హైదరాబాద్ బస్సెక్కండి. మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. మందు వేశాక నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపొద్దు, ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. షుగర్ ఉంటే ముందే చెప్పండి, దానివల్ల కంటి లోపల రక్తం చిమ్మినా ఇలాగే నల్లగా కనిపిస్తుంది.

చిరుగు మాత్రమే ఉంటే చుట్టూ లేజర్ వేసి అదే రోజు పంపిస్తారు. పట్టు రావడానికి రెండు వారాలు పడుతుంది. రెటీనా లేస్తే ఆపరేషనే. ఏమీ లేదన్నా 4 నుంచి 6 వారాలకు మళ్లీ చూపించుకోవాలి. ఈలోపు మసి రాలినట్టు చుక్కలు ఒక్కసారిగా పెరిగినా, పక్క నుంచి తెర దిగినట్టున్నా అదే రోజు వెళ్లండి.

మోతిబిందు ఆపరేషన్‌తో ఈ దోమలు పోవు. మీలాంటి కంటికి ఆ ఆపరేషన్ తర్వాత రెటీనా లేచే ప్రమాదం కొంత పెరుగుతుంది కూడా. కాబట్టి అది ఎప్పుడు చేయాలో రెటీనా చూసిన డాక్టరే చెప్పాలి.