జింక్ అరగడం లేదంటే సంతోషించకండి

మీరు రాసినదాన్ని బట్టి మీ బోటు డ్రైవ్ (ఇంజిన్ శక్తిని ప్రొపెల్లర్‌కి అందించే, నీళ్లలో ఉండే భాగం) మీద పెయింట్ బుడగలు లేచి, కింద తెల్లటి పొడి కనిపిస్తోంది, కానీ పోయిన సీజన్‌లో వేసిన జింక్ ఆనోడ్ (డ్రైవ్‌ని తుప్పు నుంచి కాపాడటానికి బిగించే లోహపు ముక్క) మాత్రం కొత్తదానిలాగే ఉంది. అంటే జింక్ మంచిదని కాదండీ, అది అసలు పనే చేయడం లేదు. అరిగిపోవడమే దాని ఉద్యోగం, అది అరగకపోతే దాని బదులు అల్యూమినియం డ్రైవ్ అరుగుతుంది.

ముందు మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో (విద్యుత్ నిరోధం కొలిచే సెట్టింగ్‌లో) పెట్టి ఒక ప్రోబ్ ఆనోడ్ మీద, రెండోది డ్రైవ్ మీద పెయింట్ లేని చోట గట్టిగా అదమండి. ఒక ఓమ్ కన్నా తక్కువ రావాలి. ఎక్కువొస్తే రెండింటి మధ్య కరెంటు సరిగా పారడం లేదని అర్థం, అప్పుడు ఆనోడ్ విప్పి, అది కూర్చునే చోట పెయింట్, పాత గ్రీజు, తెల్లపొడి అంతా లోహం మెరిసేదాకా గీకేసి, బోల్టులు, వాటి రంధ్రాలు కూడా శుభ్రం చేసి మళ్లీ బిగించండి. ఆనోడ్‌కి ఎప్పుడూ పెయింట్ వేయకూడదు. చాలామంది బోటుకి వేస్తూ వేస్తూ పనిలో పనిగా దానికీ ఒక కోటింగ్ లాగించేస్తారు.

ఇంకోటి, బోటు ఎక్కువగా మంచినీళ్లలో ఉంటుందా? అయితే జింక్ మీద గట్టి పొర కట్టి పనిచేయడం మానేస్తుంది, అక్కడ మెగ్నీషియం వాడాలి. అదే మెగ్నీషియం ఉప్పునీళ్లలో చాలా త్వరగా కరిగిపోతుంది. రెండు నీళ్లూ కలిసే చోటయితే అల్యూమినియం ఆనోడ్ నయం. ఏది వేసినా డ్రైవ్ మీద అన్నీ ఒకటే రకం ఉండాలి, సగం అరగగానే మార్చేయండి.