రేపటి జాబితా ఈ రాత్రే రాసుకో

నాయనా,

నువ్వు పంపిన నీ రియల్ ఎస్టేట్ పని డైరీ పేజీలు చూశాను. 'క్లయింట్లకు ఫోన్ చేయాలి' అని మూడు రోజులు వరసగా రాశావు. మూడు రోజులూ టిక్కు పడలేదు. ఎలా పడుతుంది? ఎవరికి చేయాలి, నంబరు ఎక్కడుంది, కిందటిసారి ఏం మాట్లాడుకున్నాం అని వెతుక్కునేసరికే పొద్దున్న గంట గడిచిపోతుంది. ఈలోపు ఎవరో సైట్ చూపించమంటారు, నువ్వు బయల్దేరతావు.

అందుకే పడుకునే ముందు పావుగంట కూర్చుని రేపటి పేర్లు రాయి. ఒక్కో వరసలో పేరు, నంబరు, మాట్లాడాల్సిన ఒక్క ముక్క ఉండాలి. 'కార్నర్ ప్లాటు ఓనరు: రేటు సంగతి అన్నగారిని అడిగి చెబుతామన్నారు, ఏమైందో కనుక్కోవాలి.' ఇలా రాసి ఉంటే పొద్దున్న ఆలోచించే పని లేదు, నంబరు నొక్కడమే.

మొదట్లో రోజుకు 15 పేర్లు చాలు. కొత్తవాళ్ళు 5, ఫాలో-అప్‌లు (ఇదివరకే మాట మొదలైనవాళ్ళకు మళ్ళీ చేసేవి) 7, పాత క్లయింట్లు 3. హుషారులో 50 రాసుకుంటే రెండో రోజుకే 30 మిగులుతాయి, నాలుగో రోజు డైరీ తెరవడానికే మనసొప్పదు. ఐదో పేరు కింద ఒక గీత గీయి. రిజిస్ట్రేషన్ ఉన్నా, ఒంట్లో నలతగా ఉన్నా గీత పైనున్నవి మాత్రం అయిపోవాలి. ముఖ్యమైన ఫాలో-అప్‌లు ఆ ఐదింటిలోనే పెట్టు, కనీసం ఒక కొత్త పేరు కూడా.

ఈ గీత ఎందుకంటే, మన పనిలో ఆగిపోయేది బేరం కుదిరిన వారంలోనే. కాగితాలు, లోను, రెండు పక్షాల ఫోన్లతో ఊపిరాడదు. ఆ వారం కొత్త కాల్ ఒక్కటీ చేయకపోయినా నష్టమేమీ కనిపించదు. రెండు మూడు నెలలు పోయాక చేతిలో ఒక్క పార్టీ ఉండదు. అప్పుడు మార్కెట్ బాగాలేదని అందరూ అనే మాటే నువ్వూ అంటావు.

ఫోన్ చేస్తే టిక్కు, ఎత్తి మాట్లాడితే టిక్కు చుట్టూ సున్నా, అపాయింట్‌మెంట్ దొరికితే చుక్క. జాబితాలో లక్ష్యంగా పెట్టుకోవాల్సింది టిక్కుల్ని మాత్రమే. 'రెండు అపాయింట్‌మెంట్లు సాధించాలి' అని రాయకు, అది అవతలివాళ్ళ చేతిలో ఉంది. టిక్కులు బోలెడుండి సున్నాలు లేకపోతే వేళ మార్చు. సున్నాలుండి చుక్కలు లేకపోతే మాటతీరు చూసుకోవాలి. ఆదివారం రాత్రి ఇవి లెక్కపెడితే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

ఫోన్ పెట్టేయగానే తర్వాతి తేదీ వేసెయ్. తేదీ లేని పేరు పోయినట్టే. సైట్ చూసినవాళ్ళకు మర్నాడే చేయి. 'వచ్చే నెల చూద్దాం' అన్నవాళ్ళకు మూడు వారాలకే చేయి, నెల నిండేలోపు ఇంకొకరు చేసేస్తారు. ఇప్పుడు అమ్మే ఉద్దేశం లేదంటే మూడు నెలలు. మళ్ళీ చేయొద్దన్నవాళ్ళ నంబరు వెనక పేజీలో విడిగా రాసిపెట్టుకో, లేకపోతే ఇంకో లిస్టులోంచి అదే నంబరు మళ్ళీ నీ ముందుకొస్తుంది. వాళ్ళ జోలికి పోకు.

మిగిలిపోయిన పేరును మూడోసారి మర్నాటికి ఎక్కించకు. నిజంగా అవసరమైతే గీత పైకి తీసుకురా, లేదంటే కొట్టెయ్. చాలాసార్లు అలా దాటేసేది కాస్త భయపెట్టే ఫోన్ కాల్‌నే. దాన్నే మొదట పెట్టు, ఆ తర్వాతవన్నీ తేలిగ్గా సాగుతాయి.

రెండు వందల మందికి వాట్సాప్‌లో బ్రోచర్ పంపడాన్ని టిక్కుగా లెక్కేయకు. ఫొటోలు తీయడం, యాడ్ సరిచేయడం కూడా పనులే, కానీ వాటికి వేరే పేజీ పెట్టు. ఒకే పేజీలో ఉంటే చెయ్యి ముందు వాటి మీదికే పోతుంది. యాప్‌లో రాస్తావో కాగితం మీద రాస్తావో నీ ఇష్టం. నేనైతే కాగితమే అంటాను, ఫోన్ తెరిస్తే ముందు మెసేజ్‌లు కనిపిస్తాయి కదా.

ఈ రాత్రి 15 పేర్లు దొరకవేమోనని బెంగపడకు. సైట్ చూసి కొనకుండా వెళ్ళినవాళ్ళు, అమ్మకానికి పెట్టి, గడువు తీరినా అమ్ముడుపోని ఇళ్ళ, ప్లాట్ల ఓనర్లు, నిరుడు నీ దగ్గర ఇల్లు కొన్నవాళ్ళు. ఈ మూడు చోట్లా వెతికితే వారానికి సరిపడా పోగవుతాయి. ముందు పాత విజిట్ పుస్తకం తీయి.