కార్పొరేట్ ఆసుపత్రిలో చేరుతున్న మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి కిరణ్‌కి,

మావయ్య ఆశీస్సులు. ఆరిలోవ వైపు డాక్టరుగా ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. నువ్వు పంపిన ఆఫర్ లెటర్ చదివాను. జీతం బాగుంది. ఇన్సెంటివ్ పేరా మాత్రం నాకు నచ్చలేదు. ఓపీలో చూసినవాళ్లలో ఎంతమంది అడ్మిట్ అయ్యారు, ల్యాబ్‌కీ స్కానింగ్‌కీ ఎంత రాశావు అన్న లెక్క మీద నీ డబ్బు పెరుగుతుందట. అది తీసేయించుకుని ఫిక్స్‌డ్ జీతం అడుగు, కాస్త తగ్గినా ఒప్పుకో. నీకు దురాశ ఉందని కాదురా. అర్ధరాత్రి ఛాతీ నొప్పితో వచ్చిన మనిషిని ఉంచాలా, పంపాలా అన్నది చాలాసార్లు నిజంగానే తేలదు. ఆ ఊగిసలాటలోకి నీ ఇంటి ఈఎంఐ రాకూడదు.

అలాగని లాభం మాట వినగానే ముక్కు మూసుకోకు. గుండె రక్తనాళాలు చూసి స్టెంట్లు వేసే క్యాథ్‌ల్యాబ్ అప్పు తీరాలి, ఒకటో తారీఖుకి నర్సుల జీతాలు పడాలి. కేజీహెచ్ లాంటి సర్కారు ఆసుపత్రిలో చదువుకున్నవాళ్లకి ఇది మొదట్లో కొరుకుడు పడదు. 2017 ఫిబ్రవరిలో గుండె రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే స్టెంట్ల ధరకి కేంద్రం కళ్లెం వేసింది. లక్ష దాటి పలికిన మందు పూత స్టెంట్‌కి పన్ను కాకుండా 29,600 రూపాయల పరిమితి పెట్టారు. మంచి పనే. కానీ ఫలానా మనిషికి ఆ స్టెంట్ అసలు కావాలా వద్దా అన్నది ఏ జీవో తేల్చదు.

మందుల చీటీ సంగతి అంతకంటే ముఖ్యం. ఒకరోజు తీరిక చేసుకుని ఫార్మసీ పక్కన నిలబడి చూడు. పార్వతీపురం నుంచో పాడేరు నుంచో వచ్చినావిడ ‘మొత్తం ఎంతవుద్ది బాబూ?’ అని అడుగుతుంది. కుర్రాడు చెప్తాడు. కొంగు ముడి విప్పి లెక్కపెట్టుకుని, ‘అయితే ఐదు రోజులకే ఇయ్యి, అక్కర్లేనివి తీసెయ్యి’ అంటుంది. ఏది అక్కర్లేదో ఆ కుర్రాడికేం తెలుసు? బీపీ బిళ్ల వేసుకున్నా మానినా వెంటనే తేడా తెలియదు కాబట్టి అది ఆగిపోతుంది. ఆకలి పుట్టించే సిరప్పూ బలం గోలీలూ ఇంటికి వెళ్తాయి. కొన్నాళ్లకి అదే మనిషిని పక్షవాతంతో అంబులెన్స్‌లో తెస్తారు. అందుకే మూడు మందులతో పనైతే మూడే రాయి. మానకూడనిది అన్నిటికంటే పైన రాసి, చుట్టూ గీత గీసి, ‘డబ్బు చాలకపోతే ముందు ఇది కొనుక్కోండి’ అని నోటితో కూడా చెప్పు. కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, అదే జనరిక్ పేరు, పెద్దక్షరాల్లో రాయి. జనరిక్ మందులు చవగ్గా దొరికే జనౌషధి షాపు ఎక్కడుందో చెప్పు. ఫార్మసీ మేనేజర్‌కి నచ్చదు. నచ్చకపోనీ.

రిపోర్టు ఎలా వచ్చినా నీ వైద్యం మారదంటే ఆ పరీక్ష రాయకు. మారుతుందంటే ఎవరేమనుకున్నా రాయి. పేదవాడు కదా అని జాలిపడి ఈసీజీ మానేసే డాక్టర్లూ ఉన్నారు, వాళ్లని చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. ఎందుకు రాశావో కేస్ షీట్‌లో ఒక్క ముక్క పెట్టు. నెలాఖరు మీటింగులో అంకెలు చూపించి నిలదీస్తే గొడవపడకు, కేస్ షీట్లు తెప్పించమను.

మార్కెటింగ్ వాళ్లు మనకి కేసులు పంపే పల్లెటూరి ఆర్‌ఎంపీల దగ్గరికి రమ్మంటారు. ఏ కేసు ఎప్పుడు పంపాలో చెప్పడానికైతే వెళ్లు, కవర్ల పంపకానికైతే వద్దు. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లో కేసు పంపినందుకు కమీషన్ ఇవ్వడమూ తప్పే, పుచ్చుకోవడమూ తప్పే. పోయేది నీ రిజిస్ట్రేషన్, మేనేజ్‌మెంట్‌ది కాదు. పేషెంట్ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్నదీ అందులోనే ఉంది. ఎవరైనా సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తామంటే మొహం మాడ్చుకోకుండా నువ్వే కాగితాలు ఇప్పించు.

మొదటి ఏడాది కొత్త కారు జోలికి పోకు. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో పడేవరకూ ఏ లోనూ పెట్టుకోకు. అది ఉంటేనే మేనేజర్ క్యాబిన్‌లో ‘కుదరదండీ’ అనడానికి నోరు పెగులుతుంది. ఈ మాట మీ ఆవిడకి కూడా చదివి వినిపించు, నీకంటే ముందు తనకే అర్థమవుతుంది.

మీ మావయ్య